మల్లన్న మీద కుళ్లు

తెర మీద తన ఫోటోకు దండ వేసి ఉండడం చూసి యాకయ్యకు మొదట నవ్వొచ్చింది. ఫోటో నిజానికి తనది కాదు, ఎవరో గుబురు మీసాల జూనియర్ ఆర్టిస్టుది. కాని ఖాకీ చొక్కా, భుజం కింద హెడ్ కానిస్టేబుల్ పట్టీలు, ఆ ఫోటో కింద పసుపు చీరలో నుదుటి నిండా బండారి పసుపు పూసుకుని నిలబడ్డ, ఒంటి మీదికి దేవుడొచ్చే శివసత్తి భార్య, ఆమె వెనక గోడకు మల్లన్న పటం, ఇవన్నీ కలిపి చూశాక అది తాను కాక ఇంకెవరు? కథ ఇంకా అందుకోకముందే సినిమావాళ్లు తనను చంపేసి మేకుకు తగిలించారు. డ్యూటీలో చచ్చాడో జ్వరమొచ్చి చచ్చాడో కూడా చెప్పలేదు, ఒక ప్లాస్టిక్ బంతిపూల దండతో సరిపెట్టారు. యాభై నాలుగేళ్ల మనిషి, బీపీ గోలీ తప్ప ఇంకో మందు ఎరగనివాడు, హన్మకొండలో మ్యాట్నీకి వచ్చి బాల్కనీలో కూర్చుని తన చావును తానే చూస్తున్నాడు. నవ్వక ఏం చేస్తాడు? కాని ఆ నవ్వు మూతి దాకా వచ్చి ఆగిపోయింది, ఎందుకంటే ఆ ఇంటి తలుపు ఎవరో కొట్టారు, ఆమె తీసింది, గడపకు అవతల వానలో తడిసి ముద్దయిన ఎస్సై నిలబడి ఉన్నాడు, తడి చొక్కా ఒంటికి అతుక్కుని ఛాతీ అంతా కనబడుతోంది, కింది కుర్చీల్లోంచి ఈలలు లేచాయి.

వానెక్కడిది, అది జనవరి, ఆ రోజు ఎండ కాసింది అని యాకయ్య లోపల పండ్లు నూరాడు. నిజంగా తన ఇంటికి వచ్చిన ఎస్సై తడిసి రాలేదు, ఇస్త్రీ మడత నలగకుండా వచ్చాడు, జీపు సందు చివర ఆపి నడిచి వచ్చాడు. ఎదురింటి శకుంతల చూసింది, సాయంత్రం తను డ్యూటీ దిగి వస్తుంటే గేటు దగ్గరే ఆపి చెప్పింది. "మీ సార్ వచ్చిండన్నా, శానసేపు కూసున్నడు" అంది. ఆ శానసేపు అనే మాట ఎనిమిదేళ్లుగా యాకయ్య చెవిలోనే ఉంది. అరగంటా, గంటా, రెండు గంటలా? దొంగలను, తాగుబోతులను, పేకాటరాయుళ్లను ఏ టైంకు ఎక్కడున్నావురా అని మెడ పట్టుకుని అడిగినవాడు, ఆ ఒక్క మధ్యాహ్నం గురించి తన ఇంట్లో తాను అడగలేకపోయాడు. ఇప్పుడు తెర మీద ఆ మధ్యాహ్నాన్ని రాత్రి చేసి, వాన కురిపించి, కరెంటు తీసేసి, దీపం వెలిగించి వందమందికి చూపిస్తున్నారు. యాకయ్య మెడ తిప్పకుండా కళ్లు మాత్రం పక్కకు తిప్పి, పక్క సీట్లోని భార్య యమునను చూశాడు. యమున కొంగు సర్దుకుంది. అంతే, ఇంకేం చేయలేదు. కాని ఎందుకు సర్దుకున్నట్టు? చలికా? లేక ఆ తడి చొక్కా చూసి ఏదైనా గుర్తొచ్చిందా?

ఈ సినిమాకు రావడమే ఆయన ఫోన్ చేస్తే. అప్పటి ఎస్సై నిఖిల్ ఇప్పుడు హైదరాబాద్‌లో పెద్ద హోదాలో ఉన్నాడు, సినిమావాళ్లతో తిరుగుతాడు, ఈ కథ వాళ్లకు చెప్పింది ఆయనే. "యాకన్నా, వదినను తీసుకపోయి చూడు, అది మన కథే" అన్నాడు. హసన్‌పర్తిలో కాలేజీ హాస్టల్‌లో ఉండే కూతురు లావణ్య అక్కడినుంచే ఫోన్లో రెండు టికెట్లు బుక్ చేసి, "బాపూ, అమ్మ కథ సినిమా తీసిండ్రంట, నా దోస్తులకందరికి చెప్పిన" అని సంబరపడింది. ఒకరికి మన కథ, ఒకరికి అమ్మ కథ. బాపు కథ అన్నవాళ్లు ఒక్కరూ లేరు. సినిమా మొదట్లో కృతజ్ఞతలు అని పేర్లు పడ్డప్పుడు యాకయ్య కళ్లద్దాలు తుడుచుకుని మరీ చదివాడు. నిఖిల్ పేరు అందరికంటే పైన, పెద్ద అక్షరాల్లో. దాని కింద ఒక హోటల్ పేరు, జనరేటర్ వ్యాన్ ఇచ్చినాయన పేరు, ఆఖరికి షూటింగ్‌కు మేకను ఇచ్చిన మరిపెడ రైతు పేరు కూడా వేశారు. మేకకున్న పాటి విలువ తనకు లేకపోయింది. ఒళ్లు మండుతుంటే కూల్‌డ్రింక్ సీసా మూత తీసి మళ్లీ పెట్టి మళ్లీ తీశాడు.

అసలు ఆ కేసు ఎవరిది? గాజుల దుకాణం నడుపుకునే లక్ష్మీనర్సమ్మ, ఒంటరి ముసలామె, ఆదివారం సాయంత్రం దుకాణం మూసి ఇంటికి పోయింది, మళ్లీ ఎవరికీ కనబడలేదు. మంగళవారం మధ్యాహ్నం ఆమె చెల్లెలి కొడుకు స్టేషన్‌కు వచ్చి ఫిర్యాదు ఇచ్చేదాకా ఆమె లేదన్న సంగతే ఎవరికీ తెలియదు. అందరూ ఇంట్లోకి పోయి బీరువా చూశారు, మంచం కింద చూశారు, యాకయ్య ఒక్కడే గడప బయట అరుగు మీద ఆగాడు. ముసలామె రోజూ పడుకునే ముందు అరుగు మీద స్టీలు గిన్నె బోర్లించి పోతుంది, తెల్లవారుజామున పాలు పోసే మొండయ్య ఆ గిన్నె తిప్పి అర లీటరు పోసి మీద పళ్లెం పెట్టిపోతాడు. ఆ సందులో అందరికీ అదే అలవాటు. గిన్నె బోర్లించే ఉంది, అడుగున దుమ్ము తప్ప చుక్క తడి లేదు. ముసలామె పోయిందని సోమవారం తెల్లవారుజామున లోకంలో ఎవరికీ తెలియనప్పుడు, మొండయ్య ఆమెకు పాలు ఎందుకు పోయలేదు? పోసి ఉంటే ఈ పాటికి ఆ గిన్నెలో విరిగిన పాలు ఉండాలి కదా. ఇన్నేళ్ల సర్వీసులో అట్లాంటి ఆలోచన తనకు ఒక్కసారే వచ్చింది, మళ్లీ రాలేదు. పరుగున పోయి ఎస్సైకి చెబితే ఆ నిఖిల్, ఇరవై ఏడేళ్ల కొత్త ఎస్సై, "గిన్నె పట్టుకపోయి జడ్జి ముందు పెడదామా యాకన్నా?" అని నవ్వాడు. స్టేషన్ రైటర్ నవ్వాడు. జీపు డ్రైవర్ కూడా నవ్వాడు.

ఆ రాత్రి అన్నం తింటూ యమునకు చెప్పుకున్నాడు. చెప్పకూడదు, కేసు సంగతులు ఇంట్లో చెప్పొద్దని ట్రైనింగ్‌లోనే చెబుతారు, కాని ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. ఆమె కూర వేయడం ఆపి వింది. "అవునయ్యా, ఆ పాలాయనకెట్ల ఎరుక పొయ్యొద్దని?" అంది, అంతమందిలో ఆమె ఒక్కతే నవ్వలేదు. ఆ మాటకు యాకయ్య ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు. మరుసటి రోజు తనను నర్సంపేటలో ఏదో సభకు బందోబస్తుకు వేశారు. తిరిగొచ్చేసరికి శకుంతల గేటు దగ్గర ఆ మాట చెప్పింది, లోపలికి పోతే గట్టు మీద రెండు టీ గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. ఒకటి కాదు, రెండు. అంటే ఆమె కూడా కూర్చుని తాగింది. తనతో ఎప్పుడైనా కూర్చుని టీ తాగిందా, ఎప్పుడూ నిలబడే, పొయ్యి దగ్గరే, ఒక చేత్తో గరిటె పట్టుకునే. "సార్ వచ్చిండు, నీ కోసమే అడిగిండు" అంది ఆమె. తనను నర్సంపేట పంపిందే ఆ సార్, తను ఇంట్లో ఉంటాడనుకుని ఎట్లా వస్తాడు? మూడు రోజులు యాకయ్య అన్నం ముట్టలేదు, ఆకలి లేదన్నాడు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిఖిల్ వదినా అని పిలిచే తీరు, ఆ దీర్ఘం, చీకట్లో మళ్లీ మళ్లీ వినిపించేది.

నాలుగో రోజు ఐనవోలు జాతర. యమునకు మల్లన్న శిగం వస్తుంది, పెళ్లికి ముందునుంచీ వస్తుంది, ఆయన ఒంటి మీదికి వచ్చినప్పుడు ఆమె మనిషి కాదు. ఒగ్గు పూజారులు రంగుల ముగ్గుతో పట్నం వేశారు, డోలు ఎత్తుకుంది, ఆమె జడ విప్పుకుని ఊగడం మొదలుపెట్టింది, జనం వలయం కట్టారు. యాకయ్య అక్కడ యూనిఫాంలో బందోబస్తులో ఉన్నాడు, నిఖిల్ నాలుగడుగుల దూరంలో మఫ్టీలో ఉన్నాడు. మొక్కు తీర్చుకోను వచ్చిన మొండయ్య ఆ వలయంలోనే కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊగుతూ ఊగుతూ ఆమె జనాన్ని చీల్చుకుని పోయి వాడి చొక్కా పట్టుకుంది. "పొద్దుగాల పాలెందుకు పొయ్యలేదురా?" అంది. వాడి చేతిలోంచి కొబ్బరికాయ జారి పడింది, వాడు మోకాళ్ల మీద పడ్డాడు, ఆమె కాళ్లు పట్టుకుని మల్లన్నా మల్లన్నా అని ఏడుస్తూ చంపినట్టు ఒప్పుకున్నాడు, పడేసిన బావి చూపించాడు, గడ్డివాములో దాచిన ముసలామె కడియాలు తీసి ఇచ్చాడు. పేపర్లలో యువ ఎస్సై చాకచక్యం అని ఫోటోతో సహా వచ్చింది. జనం మాత్రం చాకచక్యం కాదు, మల్లన్న మహిమ అన్నారు. ఆ పాల మాట మొట్టమొదట తన నోట్లోంచి వచ్చిందని భూమ్మీద తెలిసింది అయిదుగురికి, తనకు, నవ్విన ఆ ముగ్గురికి, యమునకు.

అప్పటినుంచి యాకయ్య మనసులో ఒక కేసు నడుస్తూనే ఉంది, దానికి ఛార్జిషీటు లేదు, కొట్టివేత లేదు. నిజంగా మల్లన్నే వచ్చి పలికాడా? పలికితే తన మాటనే ఎందుకు పలికాడు, దేవుడికి సొంత మాటలు లేవా? లేక యమున దొంగ శిగం ఊగిందా? ఊగితే ఎవరి కోసం? ఆ మధ్యాహ్నం వచ్చి కూర్చుని, టీ తాగి, వదినా అని దీర్ఘం తీసిన ఆ పిల్ల ఎస్సై కోసమేనా? ఆడవాళ్లు దేవుడికి ఎదురు తిరగడం చిన్న సంగతి కాదు, మనసులో ఎవరో ఎంతో బలంగా ఉంటే తప్ప చేయరు. ఆ ఎవరో తానని అనుకోవడానికి యాకయ్య అద్దంలో చూసుకుంటే ధైర్యం చాలేది కాదు. అడిగితే అయిపోయేది. దేవుడే పలికాడు అంటే దేవుణ్ణి అనుమానించిన పాపం, దొంగ శిగం అంటే ఇల్లు కూలినట్టే. అడగకుండా ఉంటే రెండూ ఉండవు, ఒక ముల్లు మాత్రం ఉంటుంది. ఆ ముల్లుతోనే ఎనిమిదేళ్లు సంసారం చేశాడు.

తెర మీద ఇప్పుడు దయ్యం వచ్చింది. సినిమావాళ్లకు దేవుడు గిట్టుబాటు కాలేదు కాబోలు, శివసత్తి ఒంట్లో మల్లన్నకు బదులు ఒక పిశాచాన్ని పెట్టారు. నల్లగుడ్డు పోయి కళ్లు తెల్లబడ్డాయి, ఆమె గోడ మీద బల్లిలా పాకింది, లాకప్‌లో కూర్చోబెడితే ఖైదీల పాపాలన్నీ వరసగా చదివింది, ఎస్సై తుపాకి పట్టుకుని ఆమెను ఇంటరాగేషన్ చేస్తున్నాడు. యాకయ్యకు లోపల్లోపల ఒక తృప్తి కలిగింది. బాగా చేశారు. దయ్యమే, కాక మరేమిటి. మనిషి పెళ్లాన్ని ఎత్తుకుపోయేవాడు దయ్యం కాక దేవుడెట్లా అవుతాడు? అనుకుని, వెంటనే చెంపలు వేసుకోబోయి, పక్కన యమున ఉందని చేయి దించుకున్నాడు.

ఎందుకంటే నిఖిల్ మీద కుళ్లు ఎనిమిదేళ్లది, మల్లన్న మీదిది పెళ్లినాటిది. పెళ్లయిన మొదటి జాతరకే చూశాడు. పొద్దున్నే తనకు సిగ్గుపడుతూ టవల్ అందించిన ఇరవై ఏళ్ల పిల్ల మధ్యాహ్నానికి జడ విరబోసుకుని, బండారి ఒళ్లంతా చల్లుకుని, ఎవరో బలమైనవాడు భుజాలు పట్టి ఊపుతున్నట్టు ఊగుతోంది. యాకయ్య తల్లి మొగిలమ్మ కొడుకు మెడ వంచి, "మొక్కురా, కాళ్లు మొక్కు" అంది. కట్టుకున్న పెళ్లాం కాళ్ల మీద పడి, ఎవరు స్వామీ అని అడిగాడు. ఆమె ముఖం వంచి తనను చూసింది, చూడలేదు. ఆ కళ్లకు తాను ఎవరో తెలియదు. కాని ఆ ముఖం మీద ఉన్న వెలుగు! పెళ్లిపీటల మీద లేదు, మొదటి రాత్రి లేదు, లావణ్య పుట్టి ఒళ్లో పెట్టినప్పుడు కూడా అంత లేదు. అది తన కోసం కాదు. అప్పటినుంచి ఆదివారం వస్తే యాకయ్యకు చిరాకు. ఆదివారం ఆయన రోజు, ఆమె తలస్నానం చేసి, ఎర్రగా బొట్టు దిద్దుకుని, పటం ముందు కూర్చుంటే టిఫిన్ అడగడానికి కూడా వీల్లేదు. జాతరకు ముందు పదకొండు రోజులు నిష్ఠ, ఆమె నేల మీద చాప వేసుకుని వేరే పడుకుంటుంది. మంచం మీద ఒక్కడే పడుకుని యాకయ్య ఆ పటంలోని కోరమీసాలవాణ్ణి చూసేవాడు. ఒకసారి తల్లి దగ్గర నోరు జారితే ఆమె నోటి మీద చేయి వేసుకుని, "దేవునితోటి పోటీ పెట్టుకుంటవారా, పిచ్చోడా?" అని ముప్పావుగంట తిట్టింది. పోటీ కాకపోతే ఏమిటి? నిఖిల్ అయితే బదిలీ మీద పోయాడు. ఈయనకు బదిలీ ఎక్కడిది?

ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగాయి. యమున ముఖం మామూలుగా ఉంది, సినిమా చూసి భయపడ్డ ముఖం కాదు, మురిసిన ముఖం కాదు. ఇప్పుడు అడగాలి అనుకున్నాడు యాకయ్య, తెర మీద ఆ ఎస్సై గాడు దీపం ముందు ఆమె చేయి పట్టుకుని, నువ్వే నాకు దిక్కు అన్నాడు కదా, ఆమె కాదనలేక కళ్లు దించుకుంది కదా, అది నిఖిల్ చెప్పి రాయించిందా, వాళ్లే అల్లిందా, ఒక్క మాట, ఇప్పుడే, జనం మధ్య అయితే కోపం కూడా రాదు. ఊపిరి గట్టిగా పీల్చుకుని ఆమె వైపు తిరిగాడు.

"సమోసా తింటవా?" అన్నాడు.

"వద్దు. నువ్వు తిను" అంది యమున.

ఒక్కడే పోయి ఒక సమోసా కొనుక్కుని, నిలబడే తిని, నోరు కాల్చుకుని వచ్చాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. మొండయ్యలాంటివాళ్లను ఎంతమందిని అడిగాడు, ఎదురుగా కూర్చోబెట్టి, బల్ల మీద చేయి చరిచి. పెళ్లాన్ని అడగాలంటే మాత్రం నోట్లోకి వచ్చింది సమోసా.

రెండో సగం అంతా తుపాకులు, దయ్యాలు, ఛేజింగులు. దయ్యం పట్టిన మనిషిని జీపు ముందు సీటులో కూర్చోబెట్టుకుని ఎస్సై నేరస్తుణ్ణి తరుముతున్నాడు, వేలు పెట్టి చూపిస్తే అటు తిప్పుతున్నాడు. ఇదే నిజమైతే ఇన్ని సీసీ కెమెరాలు ఎందుకు అనుకున్నాడు యాకయ్య. తన పాల గిన్నె సంగతి కూడా వచ్చింది, దాన్ని కనిపెట్టింది ఎస్సై, వెనక భీకరమైన సంగీతం, నెమ్మదిగా వంగి గిన్నె తిప్పి చూసి కళ్లు చిట్లించడం. జనం చప్పట్లు కొట్టారు. పక్క వరుసలో ఒకాయన, "ఏం దిమాగురా వీనిది!" అన్నాడు. ఆ దిమాగు నాదిరా అని లేచి అరవాలనిపించింది యాకయ్యకు. ఆలోచన తీసుకుపోయారు, పెళ్లాన్ని తీసుకుపోయారు, ప్రాణం కూడా తీసి గోడకు తగిలించారు. ఇంకా ఏముంది తన దగ్గర?

అప్పుడు జాతర వచ్చింది. తెర నిండా పసుపు, పట్నం, వేల జనం, అంతటి సినిమావాళ్లు కూడా డోలు మాత్రం అసలుదే పెట్టారు, ఇక్కడి ఒగ్గువాళ్లనే పిలిచి కొట్టించారేమో. ఆ దెబ్బ హాలు గోడలకు తగిలి కుర్చీల కాళ్లలోంచి ఎక్కింది. ఇన్ని గంటలు ఆ ఎస్సై గురించి కుమిలిపోయి అసలు ప్రమాదాన్ని మరిచిపోయాడు. ఈ దరువుకు యమున ఆగదు. పెళ్లయిన కొత్తలో రెండు వీధుల అవతల డోలు మోగితే కడుగుతున్న గిన్నెలు వదిలేసి ఊగిన మనిషి. ఇప్పుడు ఇక్కడ, ఇంతమందిలో, ఆయన వస్తాడు, వచ్చి తన పక్క సీట్లోంచి ఎత్తుకుపోతాడు, తాను మళ్లీ ఆమె కాళ్ల మీద పడి ఎవరు స్వామీ అనాలి. పోనివ్వను అనుకున్నాడు. ఈసారి పోనివ్వను. చేయి చాపి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

కేక వినిపించింది. కాని అది యమున కేక కాదు. ముందు రెండో వరుసలో ఒక నడివయసు ఆవిడ లేచి నిలబడింది, జడ ముడి ఊడిపోయింది, తల గిర్రున తిప్పుతూ ఊగుతోంది. పక్కవాళ్లు తప్పుకున్నారు, ఎవరో నిమ్మకాయ తెమ్మంటున్నారు, ఎవరో ఫోన్లో వీడియో తీస్తున్నారు, ఆమె మొగుడు కాబోలు ఒక బక్క మనిషి నడవలోనే మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడించాడు. యాకయ్య పట్టుకున్న చేతిలో వణుకు లేదు. వేళ్లు చల్లగా, కదలకుండా, కూరగాయలు తరిగేటప్పుడు ఉన్నంత మామూలుగా ఉన్నాయి. ఆశ్చర్యపోయి ఆమె ముఖం చూశాడు.

యమున ఆ ఊగే ఆవిడను చూస్తోంది. కింది పెదవి పంటి కింద పట్టుకుని, రెప్ప వేయకుండా, మెడ కొంచెం ముందుకు చాచి. ఆ చూపు యాకయ్యకు తెలుసు. లోకంలో ఇంకెవరికి తెలియకపోయినా తనకు తెలుసు, ఇరవై ఆరేళ్లు ఆ చూపుతోనే బతికాడు, గడ్డం గీసుకుంటూ రోజూ అద్దంలో ఆ కళ్లనే చూసుకున్నాడు. తనది కావలసింది ఇంకొకరి దగ్గర ఉందని చూసే చూపు అది. కుళ్లు. నిఖార్సైన కుళ్లు. మల్లన్న తన మీదికి రాకుండా ఆమె మీదికి పోయాడని యమున ఏడవలేక చూస్తోంది.

"యమునా," అన్నాడు, ఎనిమిదేళ్లుగా రాని మాట అప్పుడు దానంతట అదే వచ్చింది, "ఆ పాల మాట అన్నది ఎవరే?"

ఆమె తెర వైపు కాదు, ఆ ఊగే ఆవిడ వైపే చూస్తూ చెప్పింది. "నేనే అన్న. మల్లన్న అనలే."

"సార్ అడిగితేనా?"

"సార్ అడిగిండు, దొంగ శిగం ఊగి గా మాట అనుమని. దేవుని పేరు మీద అబద్ధం ఆడ, కేసు గీసు నాకెరుకలేదు పో అన్న. టీ తాగి బతిలాడి బతిలాడి పోయిండు. నీకు చెప్తె ఆయనతోటి లొల్లి పెట్టుకుంటవని చెప్పలే."

"మరి ఎందుకాడినవే?"

"ఎందుకేంది? నువ్వు మూడు దినాలు బువ్వ ముట్టలే. గోడ దిక్కు తిరిగి పండినవ్. నీ పాల మాట ఎవ్వలు ఇంటలేరని, అందరు నవ్విండ్రని, లోపల్లోపల సస్తాన్నవ్ అనుకున్న. దొంగ దొరికితె నీ పేరు పేపర్ల వస్తదనుకున్న." ఆమె మళ్లీ కొంగు సర్దుకుంది. "గా దినం సంది మల్లన్న నా మీదికి మల్ల రాలే."

"యేటేటా ఊగుతనే ఉన్నవ్ గదా?"

"ఊగితెనన్న వస్తడేమోనని ఊగుతాన్న."

ఇదివరకు శిగం దిగాక ఆమె చెంబెడు నీళ్లు తాగి, ఎక్కడున్నానో తెలియక, మరునాడు పొద్దెక్కేదాకా చంటిపిల్లలా నిద్రపోయేది. ఈ ఎనిమిదేళ్లు లేచి నిలబడి కొంగు దులుపుకుని నేరుగా పొయ్యి దగ్గరికి పోతోంది. పోయని పాలను పసిగట్టినవాడు సొంత ఇంట్లో ఇది చూడలేదు. ఆ మూడు రోజులు తాను తిననిది పాల మాట కోసం కాదని, కేసు ఆలోచనే లేదని, ఒక మగాడు వచ్చి టీ తాగిపోయాడని కడుపు మండి తినలేదని ఇప్పుడు చెప్పాలా? చెబితే ఆమె ఏమవుతుంది? తన కుళ్లును చూసి బాధ అనుకుని, ఆ బాధ తీర్చడానికి తన ప్రాణంలాంటివాణ్ణి పోగొట్టుకుంది. మంచం మీద ఒక్కడే పడుకుని పటాన్ని చూసి పండ్లు నూరిన ఈ ఎనిమిదేళ్ల రాత్రుల్లో ఇంట్లో పోటీకి ఎవరూ లేరు. ఆ చాప మీద పడుకున్న ఆమె కూడా ఒక్కతే.

ముందు వరుసలో ఆవిడ ఇంకా ఊగుతోంది, ఆ వెలుగు, ఆ పాత వెలుగు ఆమె ముఖం మీద కనబడుతోంది, ఆమె మొగుడు చేతులు జోడించే ఉన్నాడు. యమున కళ్లు ఆర్పకుండా చూస్తోంది. యాకయ్య ఆమె మణికట్టు మీద పట్టు సడలించాడు, కాని వదల్లేదు. ఇరవై ఆరేళ్లుగా ఎవరు తన ఇల్లు విడిచి పోతే బాగుండునని కోరుకున్నాడో ఆయన్నే, పెదవులు కదలకుండా, జీవితంలో మొదటిసారి పిలిచాడు. రా స్వామీ. తప్పు నాది, ఆమెది కాదు. వచ్చి తీసుకపో, నన్ను గుర్తుపట్టకపోయినా సరే, కాళ్లు మొక్కమంటే మొక్కుతాను, ఈ జనమందరిలో ఇక్కడే మొక్కుతాను. డోలు తారస్థాయికి ఎక్కింది. యమున చేయి కదలలేదు. యాకయ్య మళ్లీ పిలిచాడు.